అతుకు పక్కనే అసలు ముప్పు

1975 జనవరిలో అమెరికా అణు నియంత్రణ కమిషన్ పని మొదలుపెట్టి పట్టుమని పక్షం రోజులైనా కాలేదు. అప్పుడే 23 రియాక్టర్లను ఆపి పైపులు పరీక్షించాలని ఆదేశించాల్సి వచ్చింది. ఇల్లినాయ్‌లోని డ్రెస్డెన్ విద్యుత్ కేంద్రంలో స్టెయిన్‌లెస్ స్టీలు పైపులకు పగుళ్లు కనిపించడమే కారణం. అలాంటి రియాక్టర్లలో ఈ జబ్బు పట్టే చోటు వెల్డింగ్ అతుకు కాదు, దానికి కొన్ని మిల్లీమీటర్ల పక్కన.

మన వంటింటి గిన్నెల్లోనూ కనిపించే 304 రకం స్టీలులో క్రోమియం దాదాపు 18 శాతం. తుప్పును ఆపే కంటికి కనిపించని పొర దాని చలవే. వెల్డింగ్ చేసినప్పుడు అతుకు పక్క లోహం కరగదు కానీ, 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య కాసేపు ఉండిపోతుంది. అప్పుడు కార్బన్ కదిలి, లోహ రేణువుల సరిహద్దుల్లో క్రోమియంతో కలిసి కార్బైడ్‌గా మారుతుంది. దాంతో ఆ సరిహద్దుల వెంట క్రోమియం కరువవుతుంది. ఇటుకలు గట్టిగానే ఉన్నా మధ్యలో సున్నం రాలిపోయిన గోడ పరిస్థితి అది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆమ్లమో, ఆక్సిజన్ కలిసిన వేడి నీరో తగిలితే, వెల్డింగ్ మిగిల్చిన ఒత్తిడి కూడా తోడై, పగులు రేణువుల మధ్య నుంచే పాకుతుంది.

వేడితో వచ్చిన జబ్బుకు మందు కూడా వేడే. భాగాన్ని ఫర్నేస్‌లో 1040 డిగ్రీలు దాటించి ఉంచితే కార్బైడ్లు మళ్లీ లోహంలో కరిగిపోతాయి. ఆ వెంటనే నీళ్లలో ముంచాలి. నిదానంగా చల్లారనిస్తే పాత ప్రమాద మండలంలోనే తచ్చాడి, చేసిన పనంతా వృథా.

మామూలు ఉక్కుకు అలవాటైన చేయి ఇక్కడే తప్పటడుగు వేస్తుంది. ఆ ఉక్కు అతుకుల్లో ఒత్తిడి తగ్గించడానికి 600 డిగ్రీల దగ్గర కాలుస్తారు. 304కు అదే చేస్తే జబ్బును పిలిచి పీట వేసినట్టే. అరకొరగా కాల్చడం కంటే అసలు కాల్చకపోవడమే మేలు. అయితే స్టెయిన్‌లెస్ అంతా ఒక్కటి కాదు: 410 రకాన్ని ముందే వేడిచేసి వెల్డ్ చేసి, తర్వాత టెంపరింగ్ చేయకపోతే పగిలే ప్రమాదం ఉంది.

ఇంతకీ పెద్ద ట్యాంకును ఏ కొలిమిలో పెడతారు? పెట్టినా వంకర్లు పోతుంది. అందుకే కార్బన్‌ను ముందే తగ్గించారు. 304లో అది 0.08 శాతం దాకా ఉండొచ్చు, 304ఎల్‌లో 0.03 మించదు. 321 రకంలో టైటానియం ముందుగా కార్బన్‌ను పట్టేసుకుని క్రోమియాన్ని కాపాడుతుంది.

రసాయనాలకో, వేడి ద్రవాలకో ట్యాంకు చేయించేవారు ఆర్డరులో 304ఎల్ అని స్పష్టంగా రాయించండి. మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్‌లో కార్బన్ అంకె ఉంటుంది, వెల్డింగ్ మొదలయ్యేలోపే చూసుకోండి.