ఒక్కరితోనే ఉండడం మనిషికి పుట్టుకతో వచ్చిందా?

పోయిన ఏడాది ఒక రోజు గర్భిణుల క్లినిక్ ముగిశాక ఫైళ్ళు సర్దుతూ ఒక స్టూడెంట్ నర్సు నన్ను అడిగింది. "మేడమ్, మనిషి పుట్టుకతోనే ఒక్కరితో కాపురం చేసే జీవా, లేక మనం అలా నేర్చుకున్నామా?"

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. ఆ ఉదయం మల్లాపూర్ ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేసే ఒకాయన భార్య వచ్చింది. (గుర్తుపట్టే వివరాలు ఇక్కడ రాయడం లేదు.) ఆమెకు రెండో కాన్పు. మొదటి బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. అప్పుడు ఏ పరీక్షలూ చేయించలేదట. ఈసారి వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వచ్చింది. గర్భిణులలో ఈ పరీక్ష ఒక్కోసారి తప్పుగా కూడా పాజిటివ్ చూపిస్తుంది కనుక టీపీహెచ్‌ఏ చేశాం. అదీ పాజిటివే. అంటే సిఫిలిస్, మన పెద్దవాళ్ళ మాటలో సవాయి రోగం. ఆమె ఏడుస్తూ అన్నది ఒకటే: "నా మొగుణ్ణి తప్ప ఇంకొకల మొకం సూడలె సిస్టరమ్మా, నాకెట్లొచ్చింది?"

స్టూడెంటుకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

జంట అనగానే మనం పక్షుల్ని చూపిస్తాం. పక్షి జాతుల్లో నూటికి 90 వరకు ఆడా మగా కలిసి పిల్లల్ని పెంచుతాయన్నది నిజమే. కానీ డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక చూస్తే, చాలా జాతుల గూళ్ళలో కొన్ని పిల్లలు ఆ మగపక్షివి కావని తేలింది. మన ఇంటి పిచ్చుక కూడా అంతే. కలిసి కాపురం చేయడం వేరు, ఇంకొకరి జోలికి పోకుండా ఉండడం వేరు. ఈ తేడా మనుషుల విషయంలోనూ గుర్తుంచుకోవాలి.

ఇలాంటి డీఎన్‌ఏ పని మన దేశంలో మొదలైంది మనకు దగ్గరలోనే. హబ్సిగూడ సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ బృందం డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని తయారు చేసింది. 1980ల చివర కేరళలోని తెల్లిచ్చేరి కోర్టులో ఒక బిడ్డకు తండ్రి ఎవరన్న తగువు ఆ పరీక్షతోనే తేలింది. తర్వాత ఏర్పడిన సీడీఎఫ్‌డీ సంస్థ చాలా ఏళ్ళు మన నాచారంలోనే ఉండేది. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. అలాంటి ల్యాబుకు అనుమానం ఉన్నవాళ్ళే వెళ్తారు కనుక ఆ కేసుల్ని బట్టి లోకమంతా ఇంతే అనుకోకూడదు. పశ్చిమ ఐరోపాలో వంశవృక్షాలతో డీఎన్‌ఏను పోల్చి చూస్తే, తండ్రి వేరొకరు అయిన పిల్లలు నూటికి ఒకరిద్దరే. నమీబియాలోని హింబా తెగలో మాత్రం దాదాపు సగం మంది అని 2020లో తేలింది. అక్కడి కట్టుబాట్లు వేరు, అది వాళ్ళకు దాపరికమూ కాదు.

శరీరం ఏం చెబుతుంది? మగ గొరిల్లా బరువు ఆడదానికి దాదాపు రెట్టింపు. ఒక్క మగది అనేక ఆడవాటితో ఉంటుంది. జంటగా బతికే గిబ్బన్లలో ఆడా మగా దాదాపు ఒకే సైజు. మనం ఈ రెండింటికీ మధ్యన, గిబ్బన్ వైపు కాస్త జరిగి ఉన్నాం. అమెరికా గడ్డి మైదానాల్లో జంటగా బతికే ఒక చిట్టెలుక ఉంది. ఆ జంటను కలిపి ఉంచేది ఆక్సిటోసిన్ అని చాలాకాలం చెప్పారు. మనం లేబర్ రూములో నొప్పుల కోసం డ్రిప్‌లో వేసే మందే అది! కానీ ఆ హార్మోను పనిచేయకుండా చేసి పుట్టించిన ఎలుకలు కూడా జతకట్టాయని 2023లో తేలింది. ఎలుక కాపురానికే ఒక్క కారణం చెప్పలేకపోతున్నారు.

ఇక చరిత్ర. లోకంలోని సమాజాల్లో నూటికి 80కి పైగా ఒక మగవాడికి ఎక్కువమంది భార్యల్ని ఒప్పుకున్నవే. అక్కడ కూడా ఎక్కువమంది మగవాళ్ళకు ఒక్క భార్యే, ఇద్దరిని పోషించే స్తోమత కొందరికే కదా. బైబిల్లో సొలొమోనుకు 700 మంది భార్యలు, యాకోబుకు ఇద్దరు. మన అమ్మమ్మల కాలంలో హిందువులలో రెండో పెళ్ళి నేరం కాదు. మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆంధ్ర జిల్లాల్లో 1949లో దాన్ని ఆపారు, దేశమంతటా 1955 హిందూ వివాహ చట్టంతో ఆగింది. ఇది మనిషి స్వభావంలోనే పూర్తిగా ఉండి ఉంటే చట్టం ఎందుకు?

కనుక ఆ అమ్మాయికి నా జవాబు ఇది. ఒకరితో ముడిపడాలన్న కోరిక మనలో పుట్టుకతోనే ఉంది. ఇంకొకరి వైపు చూపు పోకుండా కాపాడేది మాత్రం మన ఒంట్లో లేదు, ఆ మాట రోజూ నిలబెట్టుకోవలసిందే. "మగవాడి స్వభావమే అంత" అని వార్డుల్లో అత్తలు అంటుంటారు. నాకు ఆ మాట నచ్చదు. కోపం కూడా స్వభావమే, దాన్ని ఎవరూ క్షమించరు.

ఈ చర్చ పుస్తకాలకు మాత్రమే అయితే నేను రాయను. భార్య ఒక్కతే మాట నిలబెట్టుకుంటే ఆమె ఆరోగ్యానికి అది సరిపోదు. 1993-96 మధ్య పుణెలోని సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చిన, సెక్స్ వర్కర్లు కాని సుమారు 400 మంది స్త్రీలను పరీక్షించారు. వాళ్ళలో ఎక్కువమందికి భర్త తప్ప మరొకరు తెలియదు. నూటికి 13 మందికి పైగా హెచ్‌ఐవీ ఉంది. వాళ్ళు అప్పటికే ఏదో బాధతో క్లినిక్కుకు వచ్చినవాళ్ళు, మామూలు ఇళ్ళలో అంత ఉండదు. అయినా ఆ లెక్క నన్ను వదలదు.

ట్రైనింగ్ అయిన కొత్తలో, వేరే ఊళ్ళో ఒక ఆస్పత్రిలో, ఇలాంటి రిపోర్టు చేతిలో పట్టుకుని ఒక గర్భిణిని అత్తగారి ముందే "బయట ఎవరితోనైనా సంబంధం ఉందా?" అని అడిగాను. ఆమె మళ్ళీ క్లినిక్కుకు రాలేదు. ఆ తప్పు నాదే. ఇప్పుడు మా నర్సులకు చెప్పేది ఇదే: తలుపు వేసి, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మాట్లాడండి, నిందించే ప్రశ్న వద్దు.

మీకు చెప్పేది, గర్భం అని తెలియగానే హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్ పరీక్షలు చేయించుకోండి, భర్త కూడా చేయించుకోవాలి. సవాయి పుండు నొప్పి పెట్టదు, దానంతట అదే మానిపోతుంది. మానింది కదా అని మగవాళ్ళు మరచిపోతారు, రోగం మాత్రం లోపలే ఉంటుంది. భార్యకు ఒక్కదానికే వైద్యం చేస్తే భర్త నుంచి మళ్ళీ అంటుకుంటుంది. హెచ్‌ఐవీ ఉన్నా గర్భంలోనే మందులు మొదలుపెడితే బిడ్డకు సోకే ప్రమాదం నూటికి 5 కన్నా తక్కువకు దిగుతుంది. ప్రభుత్వ ఆస్పత్రుల ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. 2017 చట్టం ప్రకారం మీ ఒప్పుదల లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ఫోన్‌లో అడగాలంటే 1097.

ఆ దంపతుల సంగతి. ఆయన రెండుసార్లు రానన్నాడు, "నాకేం లేదు" అన్నాడు. మూడోసారి వచ్చాడు. పాజిటివే. ఇద్దరికీ వారానికొకటి చొప్పున మూడు వారాలు పెన్సిలిన్ ఇంజక్షన్లు ఇచ్చాం. చిక్కటి మందు, చాలా నొప్పి. "ఇంత నొస్తదా సిస్టర్" అని ఆయన నడుం పట్టుకుంటే, "నాకు గూడ గంతే నొచ్చింది" అంది ఆమె. ఆడపిల్ల పుట్టింది. పాపకూ పరీక్షలు చేశాం, బాగుంది. టీకాలకు ముగ్గురూ కలిసే వస్తున్నారు. ఇంట్లో ఆమె ఆయనతో మాట్లాడడం మాత్రం ఇంకా తక్కువేనట.