పుట్టింటి వంట, పరాయి ఊరి బల్ల

న్యూయార్కు మహానగరమున హార్లెం అను పేట కలదు. ఆదివారమునాడు చర్చిలలో ప్రార్థనలు ముగిసిన పిమ్మట అచ్చటి లెనాక్స్ వీధిలోని ‘సిల్వియాస్’ అను భోజనశాలకు జనులు కుటుంబములతో తరలి వత్తురు. వారి ముందుకు వచ్చు పళ్లెములలో కరకరలాడు కోడివేపుడు, పొగబెట్టిన మాంసపు ముక్కతో చాలసేపు ఉడికించిన కాలర్డ్ ఆకుకూర, అలసందలు, మొక్కజొన్న రొట్టె, తీపిపాకములో మగ్గిన చిలగడదుంపలు ఉండును. ఇవి న్యూయార్కులో పుట్టిన వంటలు కావు. సుమారు వేయి కిలోమీటర్ల దూరముననున్న దక్షిణ కెరొలినా, అంతకంటె దూరమైన జార్జియా, అలబామా, మిసిసిపి మున్నగు రాష్ట్రముల పల్లెలవి. అమెరికాలో ‘దక్షిణము’ అన్నమాత్రమున స్ఫురించు వంట యిది.

చలి ముదిరిన ఉత్తరనగరములలో, ఉక్కపోత నేలల వంటకు ఇంత ఆదరమేల కలిగెను? రుచి యొక కారణమే. కాని రుచి మాత్రమే కారణమైనచో ఇది యొక హోటలు కథయై ముగిసెడిది. ఈ వంటను ఉత్తరమునకు మోసికొనివచ్చినవారు విహారార్థము వచ్చినవారు కారు. వారు పుట్టినగడ్డను విడిచి పారిపోయి వచ్చినవారు.

ముందు ఈ వంట పుట్టుకను తెలిసికొనవలెను. 1619లో వర్జీనియా తీరమునకు ఆఫ్రికా బందీలు కొందరు తేబడిరి. అటుపిమ్మట రెండు శతాబ్దములకు పైగా సాగిన బానిసత్వములో ఆఫ్రికా గింజలును, ఆఫ్రికా చేతులును దక్షిణపు వంటయింటిని తీర్చిదిద్దినవి. అలసందకు జన్మభూమి ఆఫ్రికా. బెండకాయ ఆ ఖండమునుండియే అమెరికా చేరెను. న్యూ ఆర్లియన్సు నగరపు ప్రసిద్ధమైన ‘గంబో’ పులుసుకు ఆ పేరు మధ్య ఆఫ్రికా భాషలలో బెండకాయకు గల పేరునుండి వచ్చినది. నువ్వులను దక్షిణ కెరొలినాలో నేటికిని ‘బెన్నె’ యను ఆఫ్రికా మాటతోనే పిలుతురు. అలసందలను బియ్యముతో కలిపి వండు ‘హాపిన్ జాన్’ అను అన్నమును కొత్త సంవత్సరపు తొలినాడు తినుట శుభమని దక్షిణాదివారి నమ్మకము. పండుగపూట త్రాగు ఎర్రని పానీయమునకు మూలము పశ్చిమాఫ్రికావారు గోగుజాతి మొక్క ఎర్రని పూదొప్పలను మరిగించి చేసికొను పానీయమే యందురు. ఆ మొక్క ఆకునే మన తెలుగువారు గోంగూర యని పచ్చడి చేసికొందురు. దూరదేశపు పళ్లెములో మనకు ముఖపరిచయమున్న చుట్టములు ఇందరు కనబడుట వింతయే కదా!

బానిసలకు యజమానులు వారమునకొకమారు మొక్కజొన్నపిండియు, కొంత ఉప్పు వేసిన పందిమాంసమును కొలిచి యిచ్చెడివారు. మంచి భాగములు దొరగారి బల్లపైకి పోగా, కాళ్లు, చెవులు, ప్రేగులు వీరి పాలబడెడివి. పగలెల్ల పొలమున చాకిరి చేసి, సందెవేళ గుడిసె ప్రక్కన పెంచుకొన్న ఆకుకూరను ఆ ముక్కతో ఉడికించి, ఉడికిన రసమును గూడ పారబోయక అందులో మొక్కజొన్న రొట్టె అద్దుకొని తినెడివారు. ఆ రసమునకు ‘పాట్ లిక్కర్’ అని పేరు. లేమి నేర్పిన వంటను పనితనము రుచిగా మార్చినది. ఆ చేతులే దొరల వంటయిండ్లలోను గరిటె పట్టినందున, దక్షిణమున తెల్లవారు నల్లవారు అను భేదము లేక అందరికిని ఇదియే యింటి వంట యైనది.

1865లో రాజ్యాంగ సవరణ బానిసత్వమును రద్దు చేసెను. కాని 1896లో సుప్రీంకోర్టు వేరువేరు వసతులు కల్పించుట న్యాయమేయని తీర్పు చెప్పుటతో రైలుపెట్టెలు, బడులు, నీటికుళాయిలు, భోజనశాలలు అన్నియు రంగునుబట్టి విభజింపబడెను. కౌలు అప్పులు తీరకుండెను. పత్తికాయను తొలుచు పురుగు పంటలను నాశనము చేసెను. వీనిని మించి, విచారణ లేక మూకలు మనుషులను చంపు భయము ఇంటింట నుండెను. అప్పుడు మొదలైనది మహావలస. సుమారు 1915 నుండి 1970 వరకు అరువదిలక్షల నల్లజాతివారు దక్షిణమును విడిచి న్యూయార్కు, చికాగో, డిట్రాయిట్, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజిలిస్ మున్నగు నగరములకు చేరిరి. 1910లో ఆ దేశపు నల్లజాతివారిలో పదింట తొమ్మండుగురు దక్షిణముననే యుండగా, 1970 నాటికి అచ్చట మిగిలినవారు సగమునకు కొంచెము మించి మాత్రమే.

ఆ ప్రయాణములో వారి వెంట నున్న వస్తువు ఒక అట్టపెట్టె. చెప్పుల జోడు వచ్చిన ఖాళీ పెట్టెలో తల్లులు కోడివేపుడు, ఉడికించిన గ్రుడ్లు, రొట్టె, తీపి కేకు ముక్క సర్ది యిచ్చెడివారు. రైలులోని భోజనపు పెట్టెలో వీరికి చోటు దొరకదు. దొరికినను తెరచాటున కూర్చుండవలెను. దారిలోని హోటళ్లు లోనికి రానీయవు. కావున ఇంటినుండి తెచ్చినది ఒడిలో పెట్టుకొని తినుటయే గతి. 1936లో హార్లెంనివాసి విక్టర్ హ్యూగో గ్రీన్ అను తపాలా జవాను నల్లజాతి ప్రయాణికులకు అన్నము, పడక దొరకు తావులను తెలుపు చిన్న పుస్తకమును ప్రకటించెను. అది ముప్పది యేండ్లపాటు వెలువడుచునే యుండెను. ఒక మనిషి తన సొంత దేశమున ఎచ్చట తినవచ్చునో తెలిసికొనుటకు పుస్తకము కొనవలసి వచ్చెననిన, ఆనాటి స్థితి ఇంకను వివరింప నక్కరలేదు.

నగరము చేరినవారికి తొలుత దొరికినవి భోజనశాలలు గావు, వీధి బండ్లు. 1901లో మిసిసిపి ప్రాంతమునుండి న్యూయార్కు వచ్చిన లిలియన్ హారిస్ అను స్త్రీ అయిదు డాలర్ల పెట్టుబడితో, పిల్లలను త్రిప్పు పాతబండిని కొని, అందు ఉడికించిన పందికాళ్లు పెట్టి అమ్మెనని ప్రసిద్ధి. ఇల్లు విడిచి వచ్చిన కూలివారు ఆమె చుట్టు మూగిరి. ఆమె తరువాత హార్లెంలో ఇండ్లు, స్థలములు కొని ధనవంతురాలాయెను. ఆమె అమ్మినది అగ్గువ మాంసమే కావచ్చును. కాని కొన్నవారు కొనుక్కొన్నది తమ ఊరిని.

సిల్వియా వుడ్స్ కథయు ఇట్టిదే. ఆమె 1926లో దక్షిణ కెరొలినాలోని హెమింగ్‌వే అను గ్రామమున జన్మించెను. హార్లెం చేరి, 1954లో ఒక చిన్న ఫలహారశాలలో వడ్డించు పనికి కుదిరెను. 1962లో యజమాని దానిని అమ్మదలచినపుడు, పల్లెలోనున్న తల్లి తన పొలమును తాకట్టుపెట్టి కూతురికి డబ్బు సమకూర్చెను. దక్షిణపు మట్టి పూచీపడగా ఉత్తరపు వీధిలో భోజనశాల వెలసెను. సిల్వియా 2012లో మరణించెను. ఆమె కుటుంబము ఆ భోజనశాలను నేటికిని నడుపుచున్నది.

ఇచ్చట ఒక విషయమును ఆలోచింపవలెను. దక్షిణమున నల్లజాతివారు నడుపుకొన్న చిన్న భోజనశాలలు లేకపోలేదు. కాని ఊరి నడుమనున్న పెద్ద హోటళ్లలో పొయ్యిముందు నిలిచినవారు వీరు. బల్లముందు కూర్చుండరానివారును వీరే. 1960 ఫిబ్రవరి 1వ తేదీన ఉత్తర కెరొలినాలోని గ్రీన్స్‌బరో పట్టణమున నలుగురు కళాశాల విద్యార్థులు ఒక పెద్ద దుకాణములోని ఫలహారపు బల్లయొద్ద కూర్చుండి కాఫీ అడిగిరి. వారికి కాఫీ ఈయలేదు. వారు లేవలేదు. మరునాడు మరికొందరు వచ్చిరి. కొలది వారములలో ఆ ఉద్యమము దక్షిణమంతటను ప్రాకెను. అందరికిని అన్ని భోజనశాలలలోను ప్రవేశముండవలెనను చట్టము 1964లో వచ్చెను. అనగా, సిల్వియా హార్లెంలో తన బల్లలు వేసిన నాటికి, ఆమె పుట్టిన రాష్ట్రములో తెల్లవారి హోటలు బల్లముందు ఆమె కూర్చుండుటకు చట్టము ఇంకను అండగా నిలువలేదు. దక్షిణపు వంటను పండితుడైనను, కూలివాడైనను తలయెత్తి బల్లముందు కూర్చుండి తినగలుగుటకు దక్షిణమును విడువవలసి వచ్చినది!

ఉత్తరము మాత్రము స్వర్గము కాదు. అచ్చటను ఇండ్లు అద్దెకీయని వీధులుండెను. హార్లెం నడిబొడ్డున నున్న ‘కాటన్ క్లబ్బు’లో పాడినవారు, ఆడినవారు నల్లవారు, చూచువారు తెల్లవారు. అట్టి నగరమున తమ మాటయాస వినబడి, తమ పులుసు వాసన తగులు నాలుగు గోడలు ఎంత విలువైనవో ఊహింపవచ్చును. పని ఎచ్చట దొరకును, ఊరినుండి ఎవరు వచ్చిరి, ఎవరు పోయిరి అను వార్తలు అన్నముతోపాటు అందెడివి అచ్చటనే.

దూరమునకు వచ్చిన వంట కొత్తరూపములను గూడ దాల్చినది. 1938లో హార్లెంలో తెరచిన ‘వెల్స్’ అను భోజనశాలకు రాత్రి కచేరీలు ముగించుకొని సంగీతకారులు వచ్చెడివారు. రాత్రి భోజనమునకు ఆలస్యము, ఉదయపు ఫలహారమునకు తొందర. అట్టివారికి కోడివేపుడును, పాకము పోసిన తీపి ‘వాఫుల్’ రొట్టెను ఒకే పళ్లెమున వడ్డించిరి. ఆ శాల నేడు లేదు. ఆ జోడీ మాత్రము దేశమంతట నిలిచినది. మరొక వంటగత్తె ఎడ్నా లూయిస్, వర్జీనియాలో విముక్తులైన బానిసలు నెలకొల్పిన ఫ్రీటౌన్ గ్రామమున 1916లో పుట్టి, 1949 మొదలు న్యూయార్కులోని ‘కెఫే నికల్సన్’లో వండి రచయితలను, కళాకారులను మెప్పించెను. 1976లో ఆమె ప్రకటించిన వంటల పుస్తకము ఋతువుల క్రమమున సాగును. అందు పంటకోతనాటి విందు కలదు. దాస్యవిముక్తి దినపు విందును కలదు. పాకశాస్త్రమే చరిత్రపాఠమైనది.

1960ల దశాబ్దమున ఈ వంటకు ‘సోల్ ఫుడ్’, అనగా ఆత్మాహారము, అను పేరు వ్యాపించెను. అందరును దీనిని మెచ్చుకొనలేదు. ఉప్పు, కొవ్వు, వేపుడు మితిమీరిన ఈ తిండి ఆరోగ్యమునకు చేటనియు, బానిసకాలపు ఎంగిలిని గొప్పగా చెప్పుకొననేలయనియు నల్లజాతి నాయకులే కొందరు నిలదీసిరి. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అందువలననే నేడు కొన్ని భోజనశాలలు పందిమాంసము లేక ఆకుకూర వండుచున్నవి. కొన్ని పూర్తిగా శాకాహారమునకే మరలినవి. గుడిసె ప్రక్కన కూరపాదులు పెంచిన ముత్తవ్వలు దీనిని తప్పుపట్టరు. వారి వంటలో అధికభాగము ఆకులు, గింజలు, దుంపలే కదా!

ఇంకొక కష్టమును కలదు. హార్లెంలో అద్దెలు పెరిగినవి. పాత భోజనశాలలు అనేకములు మూతపడినవి. పెద్దల మనుమలు కొందరు తిరిగి దక్షిణమునకే కాపురము పోవుచున్నారు. ఇట్టి దినములలో మిగిలిన శాలలు కేవలము లాభమునకై నడచు దుకాణములు కావు. ఒక తరము నాలుకపై దాచుకొని తెచ్చిన ఊరికి అవి చివరి ఆనవాళ్లు.

నాడు అట్టపెట్టెలో సర్ది, రైలు మూలన ఒదిగి కూర్చుండి, ఒడిలో పెట్టుకొని తిన్న కోడివేపుడునే నేడు హార్లెంలో మనుమలు వెలుతురు నిండిన గదిలో, బల్లపై పళ్లెమున వడ్డింపగా తినుచున్నారు. వంట మారలేదు. కూర్చుండు చోటు మారినది. ఆ చోటుకొరకే వారి పెద్దలు వేయి కిలోమీటర్లు నడచి వచ్చినట్లు లెక్క.