ఊరి పేరు రెండు భాషల్లో

పోలండ్ దేశానికి ఈశాన్య మూల, లిథువేనియా సరిహద్దు పక్కనే పున్‌స్క్ అనే ఊరుంది. ఆ ఊరూ, చుట్టూ ఉన్న పల్లెలూ కలిపి ఒక 'గ్మీనా'. మన లెక్కన పంచాయతీకి పెద్దది, మండలానికి దగ్గరది అనుకోండి. విస్తీర్ణం సుమారు 138 చదరపు కిలోమీటర్లు, జనం నాలుగు వేలకు అటూ ఇటూ. పోలండ్‌లో చలి బాగా ముదిరే ప్రాంతమిది. పైరు నిలిచే రోజులు తక్కువ కాబట్టి రైతులు పాడిని గట్టిగా నమ్ముకున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రెండు దేశాల మధ్య హద్దు గీసినప్పుడు ఈ పల్లెలు పోలండ్ వైపు పడ్డాయి. పొలాలూ, ఇళ్లూ, మాట్లాడే భాషా ఉన్నచోటే ఉండిపోయాయి. 2002 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నాలుగింట మూడు వంతుల మంది లిథువేనియన్లే.

మరి భాష ఎలా నిలిచిందంటారా? బడి వల్ల. పున్‌స్క్‌లో 1956 నుంచి లిథువేనియన్ భాషలో చెప్పే ఉన్నత పాఠశాల ఉంది. తర్వాత 2005లో పోలండ్ ఒక చట్టం చేసింది. గ్మీనాలో ఐదో వంతు మంది అల్పసంఖ్యాక భాషవారైతే, ఆ భాషను కూడా ఆఫీసులో వాడుకోవచ్చు. అంటే రైతు తన అర్జీని ఇంట్లో మాట్లాడే భాషలోనే రాసివ్వొచ్చన్నమాట. 2008లో ఊళ్ల బోర్డుల మీద పోలిష్ పేరు కింద లిథువేనియన్ పేరూ ఎక్కింది. 2011 ఆగస్టులో ఎవరో రాత్రికి రాత్రి పాతికకు పైగా బోర్డుల మీద లిథువేనియన్ పేర్లకు రంగు పూసేశారు. బోర్డులను మళ్లీ బాగుచేశారు గానీ, జనానికి కలిగిన బాధ మాత్రం చిన్నది కాదు.

ఇక ఊరి పనుల సంగతి. పోలండ్ పల్లెల్లో 'సొల్టిస్' అనే గ్రామపెద్దను ఊరివాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. 2014 చట్టం ప్రకారం గ్మీనా సభ ఒప్పుకుంటే ఒక్కో పల్లెకు కొంత సొమ్ము విడిగా పెడతారు. దాన్ని దారికి వాడాలా, సభాభవనానికా అన్నది గ్రామసభలో తేలుస్తారు. సెప్టెంబరు 30లోగా కాగితం పంపకపోతే ఆ ఏడాదికి అవకాశం పోయినట్టే! గడువు తేదీల విషయంలో ఏ దేశమైనా ఒకటేలా ఉంది.

2007 డిసెంబరులో సరిహద్దు తనిఖీలు ఎత్తేశాక అటూ ఇటూ రాకపోకలు తేలికయ్యాయి. 2025 జులైలో వలసల కారణం చెప్పి పోలండ్ మళ్లీ తనిఖీలు పెట్టింది.

పున్‌స్క్‌లో ఇంకో ముచ్చట ఉంది. ధాన్యం నూర్చే పాతకాలపు కొట్టాల్లో నాటకాలు వేస్తారు, వాటికంటూ ఒక ఉత్సవమే జరుపుతారు. నాటకం లిథువేనియన్‌లో, చూసేవాళ్లు ఊరివాళ్లు.