బూడిద దిబ్బలో గిట్టల గుర్తులు

సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు ఒక ఊరిలో రైతులు పొలాలకు ఎరువుగా పాత బూడిద దిబ్బను తవ్వి బండ్లకెత్తడం చూశాము. "రాక్షసుణ్ణి కాల్చిన బూడిదండీ" అన్నారు.

నిజానికి అది పేడ బూడిద. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు వేరు) ఇటువంటి దిబ్బనే పొరలు పొరలుగా తవ్వించారు. దుంగలు పాతి కట్టిన దడి ఆనవాళ్లు, బూడిద పొరల నడుమ పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అనగా అది 4 వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి! పేరుకున్న పేడకు నిప్పుపెట్టి, మళ్లీ అక్కడే దడి కట్టి మందను తోలేవారు. ఆ వేడికి కొన్ని దిబ్బలలో బూడిద కరిగి చిట్టెం కట్టింది. పశువుల పండుగలనాటి మంటలతో ఆల్చిన్ వీటిని పోల్చారు. పేడను పొలానికి తోలక తగులబెట్టడం మాకైతే వింతగానే తోచింది.

అనంతపురం జిల్లా పాల్వాయిలోనూ ఇటువంటి దిబ్బ గలదు.

మేము ఈ సంగతి చెప్పేసరికి ఆ ఊరి దిబ్బ సగం పొలాలకు చేరింది. మిగతాది తవ్వకుండా చూడమని సంఘాధ్యక్షుల వారిని కోరాము. మీ ఊరిలో ఇటువంటి దిబ్బ ఉన్నచో, బండి కట్టకముందే పురావస్తు శాఖ వారికి తెలియజేయగలరు.