క్షయకరణ విభజన: బీజకణోత్పత్తి - జన్యువైవిధ్యం

1. ప్రవేశిక:

ఒకే తల్లిదండ్రులకు పుట్టిన పిల్లలు ఒకే తీరున ఉండరు. ఐదువేళ్లూ సమానంగా ఉంటాయా అని లోకం సరిపెట్టుకొనే ఈ భేదానికి కణస్థాయిలో కారణం ఉంది. అదే క్షయకరణ విభజన. 1905లో ఫార్మర్, మూర్ అనే శాస్త్రవేత్తలు దీనికి 'తగ్గుదల' అనే అర్థం గల గ్రీకుపదాన్ని పేరుగా పెట్టారు. తెలుగులోని 'క్షయకరణ' శబ్దం కూడా ఆ అర్థాన్నే సూచిస్తుంది. అయితే ఇక్కడ క్షీణించేది క్రోమోజోముల సంఖ్య మాత్రమే. వైవిధ్యం వృద్ధి చెందుతుంది. దీనిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. బీజకణాల ఉత్పత్తి:

మానవ దేహకణంలో 46 క్రోమోజోములు 23 జతలుగా ఉంటాయి. ప్రతి జతలోనూ ఒకటి తల్లి నుండి, మరొకటి తండ్రి నుండి సంక్రమించినవి. బీజకణాలు కూడా 46 క్రోమోజోములనే మోస్తే తరతరానికీ ఆ సంఖ్య రెట్టింపవుతుంది. అందువల్ల క్రోమోజోములు ఒక్కసారి ప్రతికృతి పొందాక, కణం వరుసగా రెండుసార్లు విభజన చెందుతుంది. మొదటి విభజనలో జతలు విడిపోతాయి. రెండవదానిలో ఒక్కొక్క క్రోమోజోము నిలువుగా చీలుతుంది. చివరకు 23 క్రోమోజోములు గల కణాలు ఏర్పడతాయి.

పురుషునిలో ఈ ప్రక్రియ యౌవనారంభంలో మొదలవుతుంది. ఒక్కో మాతృకణం నుండి నాలుగు శుక్రకణాలు వెలువడతాయి. స్త్రీలో ఆమె తల్లి గర్భంలో ఉండగానే మొదలై, మధ్యలో ఆగి, ఏళ్ల తరువాత అండం విడుదలయ్యే వేళ కొనసాగి, శుక్రకణం ప్రవేశించాకే పూర్తవుతుంది. ఇక్కడ ఒక్క అండమే మిగులుతుంది. తక్కినవి చిన్న ధ్రువదేహాలై నశిస్తాయి. కణద్రవ్యం దాదాపు అంతా అండానికే దక్కడం వల్ల పిండానికి తొలిదశలో పోషణ లభిస్తుంది.

3. వైవిధ్య మూలాలు:

మొదటిది వినిమయం. జతలోని క్రోమోజోములు దగ్గరగా చేరి తమ ఖండాలను మార్చుకుంటాయి. రెండవది స్వతంత్ర వ్యూహనం. ఒక జతలో ఏది ఏ వైపు చేరుతుందనే దానికి తక్కిన జతలతో సంబంధం లేదు. కాబట్టి 23 జతలకు 83,88,608 కూర్పులు సాధ్యం. మూడవది ఫలదీకరణం. దంపతులిద్దరి కూర్పులనూ గుణిస్తే, వినిమయాన్ని లెక్కించకుండానే, ఆ సంఖ్య 70 లక్షల కోట్లు దాటుతుంది.

4. సామాజికాన్వయం:

ఇరవైమూడవ జతలో స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషునికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. అందువల్ల సాధారణంగా అండం ఎక్స్‌నే ఇస్తుంది. శుక్రకణాలలో దాదాపు సగం ఎక్స్‌ను, సగం వైని మోస్తాయి. శుక్రకణంలోని ఈ భేదమే లింగాన్ని నిర్ణయిస్తుందని 1905లోనే నెట్టీ స్టీవెన్స్ పిండిపురుగులపై జరిపిన పరిశోధన చూపింది. అయినా ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించే ఇళ్లు నేటికీ ఉన్నాయి. ఆ నిందను భర్తకు మళ్లించడమూ సరికాదు. ఏ శుక్రకణం అండాన్ని చేరుతుందనేది అతని ఇచ్ఛలో లేదు.

5. ముగింపు:

సంఖ్యను సగం చేసే విభజనే ప్రతి శిశువునూ అపూర్వవ్యక్తిగా రూపొందిస్తోంది. తరగతిలో 'క్షయకరణ' పదాన్ని బోధించేటప్పుడు ఈ వృద్ధిని కూడా చెప్పినప్పుడే ఆ పారిభాషిక పదానికి పూర్తి అర్థం సిద్ధిస్తుంది.