చేప మొప్పలలోని సూక్ష్మశత్రువులు

చేప వండు నిండ్లలో ఇల్లాలు మొదట చూచునది మొప్ప. ఎఱ్ఱగా నున్నచో అప్పుడు పట్టినదనియు, వెలవెలబోయినచో నిలువదనియు నెంచును. ఆ మొప్ప యింకొక సంగతియు చెప్పగలదు.

మనకు ఊపిరితిత్తు లెట్టివో చేపకు మొప్ప లట్టివి. నీటిలో కరగిన ప్రాణవాయువును నెత్తురు గ్రహించునది వానియందే. అచ్చట చర్మ మతిపలుచన. కావుననే పరాన్నభుక్కులు చేరును. వానిలో డాక్టిలోగైరస్ అను పురుగు సాధారణముగా 2 మిల్లీమీటరులకు మించదు. దాని వెనుకభాగమున రెండు పెద్దకొక్కెములు, 14 చిన్నకొక్కెములు గలవు. వానితో మొప్పను పట్టుకొని చర్మమును, జిగురును తినును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల ఈదుచు చేపను వెదకుకొనును. దీని జాతిదగు గైరోడాక్టిలస్ పిల్లనే కనును. ఆ పిల్ల కడుపులో నప్పటికే మఱొక పిల్ల యుండును!

నీరు విస్తారముగా నున్నచో పిల్లపురుగులలో పెక్కు చేప దొరకకయే నశించును. కాని యేటికి సగటున సుమారు 550 మిల్లీమీటరుల వానయే గల అనంతపురపు మెట్టలో చెఱువులు వేసవికి మడుగులగును. చేపలన్నియు నందే యొదుగును. నీరు వేడెక్కినకొలది ప్రాణవాయువు తగ్గును. కొరమీను గాలిని పీల్చి కొంత నిలుచును. బొచ్చెకు, రోహుకు ఆ శక్తి లేదు. చెఱువును గుత్తకు తీసికొన్న జాలరి యేడాదికూడు అట్లు నీటిపై తేలిపోవును.

భారతమున మనువును శరణువేడిన చేప కుండ చాలక బావిని, బావి చాలక గంగను, గంగ చాలక సముద్రమును కోరెను. మన చెఱువుచేపకును కావలసినది చోటే. కావున చెఱువు పట్టునకు మించి పిల్లలను వదలరాదు. నీరు తఱుగకముందే పెరిగినవానిని పట్టవలెను. క్రొత్తగా తెచ్చిన చేపపిల్లలను 100 పాళ్ల నీటికి 2, 3 పాళ్ల ఉప్పు కలిపి కొన్ని నిమిషములు ముంచి తీయుదురు. అవి తల్లడిల్లినచో వెంటనే తీయవలెను. ఒక చెఱువు వలను ఎండబెట్టక మఱొకదానిలో వేయరాదు.

సోదరీమణులారా, ఈ పురుగులు మనుష్యుల కంటవు. మొప్పలు తీసి బాగుగా ఉడికించిన చేపకు వీనివలన భయము లేదు. చచ్చి తేలినదానిని మాత్రము కొనరాదు. మొప్పలను, ప్రేవులను చెఱువులో పాఱవేయక గోతిలో పూడ్చుడు. తాజాచేప మొప్పయే పాలిపోయి, జిగురుతో మందమై కనబడినచో అమ్మిన జాలరితో ఆ మాట చెప్పుడు. మిగిలిన చేపలను కాపాడుకొనుట కది యాతనికి ముందుగా నందిన వార్త యగును.