ఊళ్లు అమర్చిన స్వేచ్ఛ

మోటార్‌హోమ్ ప్రకటనలన్నీ ఒకే ఆశ చూపిస్తాయి: తాళంచెవి చేతికొస్తే చాలు, మనసైన చోట ఆగొచ్చు, పొద్దుగూకిన చోటే పడుకోవచ్చు. ఫ్రాన్స్ ఉత్తర తీరంలో, కలే రేవు నుంచి నార్మండీ చివరన ఉన్న మోఁ సాఁ మిషెల్ దాకా, ఈ మాట చాలావరకు నిజమే. అయితే ఆ నిజానికి మూలం బండిలో లేదు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న అదే బండికి ఎక్కడో ఒకచోట నీళ్లు నింపాలి, మురుగు వదలాలి, ఎవరూ తరిమేయని చోటు దొరకాలి. ఆ దారిలో నింపాదిగా తిరగగలుగుతున్నామంటే అది చిన్న ఊళ్లు, రైతులు, కొన్ని చట్టాలు కలిసి చేసిన ఏర్పాటు. బండి మోడళ్ల కంటే ముందు ఆ ఏర్పాటు గురించి తెలుసుకోవాలి.

ఫ్రాన్స్‌లో దాదాపు 35 వేల కమ్యూన్లున్నాయి. మన పంచాయతీల్లాగే వాటికీ ఎన్నికైన పాలకవర్గం ఉంటుంది. చాలా కమ్యూన్లు ఊరి అంచున ‘ఏర్’ అనే బస స్థలాలు కట్టించాయి. మంచినీళ్ల కొళాయి, వాడిన నీళ్లు వదిలే చోటు, టాయిలెట్ పెట్టె ఖాళీ చేసుకునే వసతి, కొన్నింట్లో కరెంటు కూడా ఉంటాయి. కొన్ని ఉచితం, మిగతావాటికి కొద్ది యూరోలు. రైతులు ఇంకో అడుగు ముందుకేశారు. 1993లో మొదలైన ‘ఫ్రాన్స్ పాసియోఁ’ అనే ఏర్పాటులో సభ్యులైతే పొలంలోనో, ద్రాక్షతోట పక్కనో ఒక రాత్రి ఉచితంగా ఆగనిస్తారు. ఏదైనా కొనాలన్న షరతు లేదు. అయినా నార్మండీలో ఆపిల్ సైడర్ చేసేవారి వాకిట్లో నిద్రలేచినవాళ్లు ఉత్త చేతులతో కదలడం అరుదనే అనుకోవాలి.

ఇక తీరం. కాప్ బ్లాఁ నే దగ్గర 134 మీటర్ల ఎత్తున తెల్లటి సుద్దకొండ సముద్రంలోకి తెగి నిలుస్తుంది. ఆ చుట్టుపక్కల ఇంకా పచ్చిక, పొలాలే కనిపిస్తాయి. తీర భూములను కొని కాపాడేందుకు 1975లో ఒక ప్రభుత్వ సంస్థను పెట్టారు. 1986 తీర చట్టం జనావాసాలు లేనిచోట ఒడ్డు నుంచి 100 మీటర్ల లోపు నిర్మాణాలను నిషేధించింది. సముద్రపు ఒడ్డున క్యాంపు వేయడానికీ అనుమతి లేదు. సముద్రం ఎదుటే నిద్రలేవాలనుకునేవారికి ఇది కష్టంగానే ఉంటుంది. కానీ ఆ ఆంక్షే లేకపోతే చూడటానికి వెళ్లిన కొండ ముందు బండ్ల వరుస తప్ప ఏం మిగిలేది?

సోమ్ నది సముద్రంలో కలిసే అఖాతం దగ్గర తొందర అసలు పనికిరాదు. ఆటు వచ్చినప్పుడు నీళ్లు కంటికి ఆననంత దూరం వెళ్లిపోతాయి, ఇసుక దిబ్బల మీద సీల్ జంతువులు ఎండకు పడుకుంటాయి. పోటు వేళకు అదంతా మళ్లీ సముద్రం. ఉప్పు పచ్చిక మేసే గొర్రెల మందలను నీటి వేళలు చూసుకునే తిప్పాలి. తెలియనివాళ్లు గైడ్ లేకుండా ఆ ఇసుక మీద నడిచి దాటబోవడం ప్రాణాపాయం. 1066లో నార్మండీ విలియం ఇంగ్లండ్ మీదికి ఓడలు కదిలించింది ఈ అఖాతం ఒడ్డున ఉన్న సాఁ వాలరీ నుంచే, అదీ అనుకూలమైన గాలి కోసం కాచుకుని. ఎదుటి ఒడ్డున లె క్రోత్వాలో ఉంటూనే జూల్ వెర్న్ సముద్రగర్భ యాత్రల నవల రాశాడు. ఈ రెండు ఊళ్లనూ అఖాతం చుట్టూ తిరిగే పాత ఆవిరి రైలు కలుపుతుంది కనుక బండిని ఒకచోట వదిలేయడమే మేలు.

ఇంత తీరిక ఎవరికుంది అనేది న్యాయమైన ప్రశ్నే. ఫ్రెంచివాళ్లకు ఆ తీరిక చట్టమే ఇచ్చింది: 1936లో రెండు వారాల జీతంతో కూడిన సెలవు, 1982 నాటికి ఐదు వారాలు. హైదరాబాద్ నుంచి పది రోజుల్లో ఐదు దేశాలు చుట్టే కుటుంబానికి ఈ పద్ధతి కుదరదు. డోవర్‌లో ఓడెక్కితే గంటన్నరలో కలే చేరే బ్రిటన్‌లోని తెలుగువాళ్లకు మాత్రం కుదురుతుంది. మామూలు టూర్ బస్సులు వెళ్లని చోట్ల వాళ్లు ఆగొచ్చు. నవ్ షాపెల్ పల్లెలో, 1927లో ప్రారంభించిన స్మారకం మీద, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారత సైనికుల పేర్లున్నాయి. విలేర్ గిస్లాఁ గ్రామంలోని భారత స్మారకాన్ని 2018 నవంబరులో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ఆవిష్కరించారు.

డీజిల్ మాటేమిటనే అభ్యంతరానికి, రోజూ వందల కిలోమీటర్లు నడిపితే జవాబు లేదు. రెండు మూడు రాత్రులు ఒకేచోట ఉంటే దాని బలం తగ్గుతుంది. వంటిల్లు వెంట తెచ్చుకునేవాళ్ల వల్ల ఊరికేం లాభం అనే వాదనకు అసలు జవాబు వారపు సంతలో చేపలు, కూరగాయలు, జున్ను కొనడం. అన్నిటికన్నా బరువైన ఫిర్యాదు రద్దీ. తీరంలో కొన్ని ఊళ్లు పార్కింగు దగ్గర ఎత్తయిన బండ్లు దూరకుండా అడ్డుకమ్మీలు పెట్టాయి. స్వేచ్ఛకు భంగమని యాత్రికులు గొణుగుతారు కానీ న్యాయం ఊరి పక్షానే ఉంది. బస స్థలం కట్టించిన ఊరికి, ఏ వీధి తనకోసం ఉంచుకోవాలో చెప్పే హక్కూ ఉంది. నాలుగైదు కిలోమీటర్లు లోపలికి, పొలాల మధ్య బండి నిలిపి సైకిల్ మీద ఒడ్డుకు వెళ్తే ఆ కమ్మీ అడ్డే కాదు.